ఏడు గళ్ల డబ్బా

మూతకొక్క అక్షరం. ఏడు మూతలు.
నాకు అరబ్బీ చదవడం రాదు,
రంగునుబట్టి, వాసననుబట్టి నింపుతా.

చేపనూనె మాత్ర తేనెబొట్టు మాదిరి మెరుస్తాది.
మెగ్నీషియం అంటే గోడనుంచి రాలిన సున్నంపెళ్ల.
ఇంకొకదాని పేరు ఇప్పటికీ తెలీదు,
మూత తీస్తే తడిసిన గోనెసంచి వాసన.
డీ విటమిన్‌ది కందిగింజంత,
వారానికి ఒకటే, చివరి గడిలో.

సబాహియాలో మూడంతస్తుల ఇల్లు.
అరవై రెండు మెట్లు.
పైన మామా మూదీ గది, పగలైనా పరదాలు తియ్యరు.
పదకొండేండ్లుగా ఆమె నొప్పులకు
నేనే లెక్క.

నా నొప్పికి లెక్క లేదు.
భుజంకాడ మొదలై యాడికి పోయిందో చెప్పలేను.
రాత్రంతా ఎవరో రోట్లో వేసి దంచి
తెల్లారేసరికి మళ్లీ అతికించినట్టుంటాది ఒళ్లు.
నేను కళ్లు తెరిచేలోపే
అలుపు లేచి మంచం అంచున కూచోనుంటాది.

శుక్రవారం ఫర్వానియాలో కలిస్తే
ఒక్కొక్కరిది ఒక్కొక్క వైద్యం.
ఓబుళమ్మక్క ఉలవచారే దిక్కంటాది.
మస్తాన్‌బీ దగ్గర నొప్పులనూనె,
సీసా చుట్టూ మూడు కవర్లు, అయినా కారతాది.
టాక్సీ తోలే చిన్నపరెడ్డి
ఆరు దీనార్లు పోసి పొడిడబ్బా కొన్నాడంట,
"పుట్టీ కలుపుకొని తాగినట్టుందక్కా,
ఇంకో నెల్రోజులు తాగితే సున్నం కొట్టుకోవచ్చు."

మందుల షాపు అద్దం బయట నిలబడ్డా ఒకసారి.
నాలుగున్నర దీనార్ల సీసా.
పన్నెండు వందల పైమాటే.
మా చెల్లెలి బిడ్డ కాలేజీ బస్సు గుర్తొచ్చింది.
అద్దంలో నన్ను చూసుకొని తిరిగొచ్చినా.

ఆసుపత్రిలో రక్తం తీసి
ఈజిప్టు డాక్టరు చెప్పింది, మలయాళీ నర్సు హిందీలో దించింది:
నీ ఒంట్లో ఎండ లేదు.

యాభై డిగ్రీల దేశంలో!
తారు బెల్లంపాకమయ్యే దేశంలో!
నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు పట్టేసినాయి.
తర్వాత, కూరగాయలు తరుగుతా లెక్కేసుకున్నా.
వంటింటికి కిటికీ లేదు.
కారు ఇంట్లోనే ఎక్కి, మాల్ కడుపులో దిగుతాం.
పైన అబాయా.
ఇన్నేండ్లలో నా మీద పడిన ఎండ
ఒక చాటెడు వడియాలు ఆరడానికి చాలదు.

ఒక మంగళవారం
ఆమె సీసాలోంచి ఒక కందిగింజ తీసుకున్నా.
మింగలేదు, కొరికినా.
ఎండుచేపల వాసన.
రెండుసార్లు పళ్లు తోముకున్నా పోలేదు,
మామా మూదీకి కాఫీ ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టుకున్నా.

ఇంకో వారం, ఇంకొకటి.

ఆ నెల సీసా ముందే అయిపోయింది.
ఆమె సీసాను చెవి దగ్గర ఆడించి చూసింది.
కొడుకుకు ఫోన్ చేసింది:
రెండు తే. ఈమధ్య మర్చిపోతున్నా,
తిన్నానో లేదో.

మామా మూదీ ఏదీ మర్చిపోదు.
తొంభై రెండులో కొన్న కార్పెట్టు ధర కూడా
ఫిల్స్‌తో సహా చెప్తాది.

సంచి నా చేతికిచ్చి కాలు చాపింది. పిక్క పట్టినా.
"నీకూ ఇక్కడే లాగుతాదా?" అంది.
"కొంచెం పైన," అన్నా.

తగ్గిందా అంటే,
నలభై మెట్లదాకా ఆగకుండా ఎక్కుతున్నా.
అది మాత్ర గుణమో,
పొద్దున్నే మిద్దె మీద బట్టలు ఆరేసి
ఒక్కరవ్వ ఆలస్యంగా దిగుతున్నందుకో,
మూడేండ్లుగా ఎవరూ అడగని మాట
ఒకరు అడిగినందుకో, నాకు తెలీదు.
మిగతా ఇరవై రెండు మెట్లు
ఇంకా నన్ను మోయనియ్యవు.

శుక్రవారం గడిలో ఇప్పుడు రెండేస్తా.
ఆ మూత మీది అక్షరమొక్కటే నేర్చుకున్నా.
జీమ్ అంటారు.
వంగిన వీపు, ముందుకొచ్చిన పొట్ట,
పొట్టలో ఒక చుక్క,
ఇప్పుడిప్పుడే మింగినట్టు.